ప్రతి వాదనలోనూ ఓడిపోయే బావగారు

మా బావగారు జీవితంలో ఒక్క వాదనలోనూ గెలవలేదు. ఎగతాళికి అంటున్న మాట కాదిది. పదకొండేళ్ళు ఆయన ఫొటో స్టూడియోలో కౌంటరు దగ్గర కూర్చుని, కళ్ళారా చూసి చెబుతున్నాను. మూడేళ్ళ పిల్లలు కూడా ఆయన్ని చిత్తుగా ఓడించి, తల ఎగరేసుకుంటూ బయటికి వచ్చేవారు.

పోనీ న్యాయం ఆయన పక్షాన ఉండి ఓడిపోయారా అంటే అదీ కాదు. ఏరికోరి తప్పు పక్షమే పట్టేవారు. "ఏనుగు గుడ్లు పెడుతుంది" అనేవారు. "చేపలు రాత్రయితే చెట్టెక్కి పడుకుంటాయి" అనేవారు. "నీకు మూడు మోచేతులుండాలి, ఒకటి ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టున్నావు" అనేవారు. యాభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, ఉన్న నాలుగు వెంట్రుకలూ పద్ధతిగా దువ్వుకుని, అన్ని అబద్ధాలు అంత నమ్మకంగా చెప్పడం నేనింకెక్కడా చూడలేదు.

చివరికి ఎదుటివాళ్ళు గొంతు చించుకుని ఆయన్ని సరిదిద్దాక, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఒకే మాట అనేవారు. "అవును సుమా! నాదే పొరపాటు."

స్టూడియోలో పిల్లల ఫొటోలు మాత్రమే తీసేవారు. పెద్దవాళ్ళు వస్తే నాలుగు వీధుల అవతలున్న ఇంకో స్టూడియోకి దారి చెప్పి పంపేసేవారు. ఎందుకండీ అని అడిగితే, "పెద్దవాళ్ళ మొహాలకి అప్పటికే తాళం పడిపోయుంటుంది మరదలా, ఆ తాళంచెవి వెతికే ఓపిక నాకు లేదు" అనేవారు. వచ్చిన బేరాన్ని చేజేతులా పొరుగు స్టూడియోకి సాగనంపుతుంటే కౌంటరులో కూర్చున్న నాకు ఒళ్ళు మండేది.

నేను ఆ కౌంటరులోకి ఎలా వచ్చానో కూడా చెప్పాలి. పెళ్ళై ఆ ఊరొచ్చిన కొత్తలో మా ఆయన పొద్దుటే ఫ్యాక్టరీకి పోతే సాయంత్రం దాకా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. మా అక్క చూసి చూసి, స్టూడియోకి రమ్మంది. మొదటి రోజే కౌంటరు బల్ల ఎటువైపు ఉండాలన్న దాని మీద బావగారికీ నాకూ మాటామాటా పెరిగింది. ఆయన గోడ వైపు అన్నారు. వచ్చేవాళ్ళు కనబడకుండా గోడని చూస్తూ కూర్చోవడానికి నేనేమైనా బల్లినా అన్నాను. అరగంట పోట్లాడి గెలిచాను. బల్ల గుమ్మం వైపు తిరిగింది. ఆ రోజు నుంచీ ఆయనతో పోట్లాడి నేను ఓడిపోయింది లేదు.

ఇక ఆయన పని చేసే తీరు. లోపలి గదిలో గోధుమరంగు పరదా, దాని ముందు చిన్న స్టూలు. కెమెరా మూడు కాళ్ళ స్టాండు మీద ఉంటుంది కానీ ఆయన దాని వెనక ఉండరు. దానికో పొడుగాటి వైరు, వైరు చివర ఓ బటన్. ఆ బటన్ వీపు వెనక దాచుకుని, కెమెరా కింద నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పిల్లలు ఆయన్ని చూస్తారు, కెమెరా పిల్లల్ని చూస్తుంది. ఫొటో ఎప్పుడు పడిందో స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి తెలియదు.

ఆ గదిలో నిషేధించిన మాట ఒకటుంది. "నవ్వు." ఆ మాట ఎవరి నోట వచ్చినా బావగారు లేచి, చాలా మర్యాదగా వాళ్ళ మోచెయ్యి పట్టుకుని, వీధిలో గుమ్మం పక్కనున్న పొడుగాటి బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేవారు. తల్లులు, తండ్రులు, తాతలు, అందరూ ఆ బెంచీ ఎక్కినవాళ్ళే. ఒకసారి ఓ ప్రిన్సిపాల్‌గారు కూడా కూర్చున్నారు. వీధిలో అందరూ దాన్ని నవ్వమన్నవాళ్ళ బెంచీ అనేవారు.

ఓసారి ఒక దంతవైద్యురాలు తన నాలుగేళ్ళ కొడుకుని తీసుకొచ్చింది. జుట్టు నూనెతో అంటించి, మెడ దాకా బొత్తాలు బిగించి తెచ్చింది. వాడు స్టూలు మీద సిమెంటు స్తంభంలా కూర్చున్నాడు.

"నవ్వరా కన్నా, పళ్ళు కనబడేలా నవ్వు" అంది.

మరు నిమిషంలో బెంచీ మీద ఉంది.

బావగారు నేల మీద కూర్చుని చాలా మామూలుగా అడిగారు. "ఏనుగు గుడ్డుతో అట్టు వేయాలంటే మీ ఇంట్లో అంత పెద్ద పెనం ఉందా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "ఏనుగు గుడ్డు పెట్టదు."

"ఎవరు చెప్పారు?"

"నాకు తెలుసు."

"నేను కళ్ళతో చూశాను. నీలం గుడ్డు. ఏనుగు దానిమీద కూర్చుని పొదుగుతోంది."

"పగిలిపోతుంది!" వాడు స్టూలు మీద లేచి నిలబడ్డాడు. పై బొత్తాం ఊడి ఎటో ఎగిరిపోయింది. "ఏనుగు కూచుంటే గుడ్డు పగిలిపోతుంది! నీకేం తెలీదు!"

బావగారు నోరు తెరిచారు. నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "అవును సుమా! నాదే పొరపాటు. పగిలిపోతుందని నాకు తట్టనే లేదు."

ఆ గెలుపు వాడి మొహంలోకి ఎక్కింది చూడండీ, నుదురు, చెవులు, ముక్కు పుటాలు అన్నీ కలిపి గెలిచాయి. బటన్ ఎప్పుడో నొక్కేశారు. ఫొటో చూసి దంతవైద్యురాలు దాన్ని గుమ్మం వెలుతురులోకి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. తర్వాత, "వీడు ఇంట్లో ఇలాగే ఉంటాడండీ" అంది మెల్లిగా. ఒక్క పన్నూ కనబడకపోయినా ఆ ఫొటోనే పెద్దది చేయించి తన క్లినిక్కులో పెట్టుకుంది.

అందరూ ఆవిడలా ఉండరు కదా. "మావాడు ఎవర్నో కొట్టడానికి వెళ్తున్నట్టున్నాడండీ", "మా పిల్లకి మూతి అంత వంకరా?" అంటూ ఫొటోలు కౌంటరు మీద పడేసేవారు. సమాధానం చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చేది. చివరికి నేనే ఒక ఒప్పందం కుదిర్చాను. పిల్లలకి తలా రెండు ఫొటోలు. ఒకటి అమ్మానాన్నలు కోరినట్టు, బుద్ధిగా, నవ్వుతూ. రెండోది బావగారి ఇష్టం. మొదటిది వాళ్ళు పట్టుకెళ్తారు. రెండోది వద్దంటే పారేయచ్చు.

ఆయన పారేస్తేగా? పోస్టుకార్డంత సైజులో అచ్చు వేసి, వెనక ఏదో రాసుకుని, లోపలి గదిలో ఉన్న ఇనుప బీరువాలో పెట్టేవారు. ఏం రాస్తున్నారని అడిగితే, "లెక్కలు కావులే, భయపడకు" అనేవారు. అన్నేళ్ళలో బీరువా నిండిపోయింది. పైన అట్టపెట్టెలు, పక్కన అట్టపెట్టెలు. పసిపిల్లలకి బట్టలు మార్చడానికి ఆ గదిలో చోటు లేక తల్లులు నా కౌంటరు మీద మార్చేవారు. నా రసీదు పుస్తకం రెండుసార్లు తడిసింది.

"ఆ బీరువా ఖాళీ చేయండీ" అని మా అక్క పోట్లాడేది.

"నిజమే, చేసేయాలి" అని బావగారు ఓడిపోయేవారు.

వారం తర్వాత చూస్తే ఇంకో అట్టపెట్టె వచ్చి ఉండేది. ఆయన ఓటమిలో ఉన్న చిక్కే అది. ఓడిపోతారు, ఒప్పుకుంటారు, పని మాత్రం జరగదు. గెలిచినవాళ్ళం మేం తెల్లమొహాలు వేసుకుని నిలబడేవాళ్ళం.

ఇలా ఉండగా మా అమ్మాయికి అయిదో పుట్టినరోజు వచ్చింది. దాని అసలు పేరు బర్త్ సర్టిఫికెట్‌లో ఉంది కానీ తిట్టేటప్పుడు తప్ప ఎవరూ వాడరు. అందరికీ అది పిడుగు. జుట్టుకి రింగులు తిప్పి, నీలం గౌను వేసి, కొత్త బూట్లు తొడిగి స్టూలు మీద కూర్చోబెట్టాను. బెంచీ ఎక్కకుండా జాగ్రత్తగా నోరు మూసుకున్నాను. మొదటి ఫొటో అద్భుతంగా వచ్చింది. తల కొంచెం పక్కకి వాల్చి, బుగ్గలు సొట్టలు పడేలా నవ్వు. సబ్బు ప్రకటనలో పిల్లలా ఉంది. అది నా పర్సులో పెట్టేసుకున్నాను.

తర్వాత బావగారు ఊరుకోవచ్చు కదా! "పిడుగుకి బూట్ల లేసు కట్టుకోవడం రాదుట కదా" అన్నారు.

అది లేసు నేర్చుకుని అప్పటికి సరిగ్గా రెండు రోజులైంది. "నాకొచ్చు!"

"రాదు. మీ అమ్మే కడుతుంది. నేను చూశాను."

ఇంకేముంది. కనుబొమలు కలిసిపోయాయి, కింది పెదవి ముందుకొచ్చింది, రింగులు చెదిరిపోయాయి. ఒక బూటు చేతిలో పట్టుకుని ఆయన ముక్కు కిందికి తెచ్చి చూపిస్తోంది. ఆ ఫొటో అచ్చు వేసి ఆయన మురిసిపోతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సొంత పిల్లని రౌడీలా చూపిస్తారా? ఇది చూస్తే దానికి రేపు సంబంధాలొస్తాయా?"

"దానికి అయిదేళ్ళేనమ్మా" అంది అక్క.

"అక్కా, నువ్వు మధ్యలో రాకు. బావగారూ, ఆ కార్డు చింపేయండి."

"అవును సుమా! నాదే పొరపాటు" అన్నారు బావగారు. అంటూనే వెనక్కి తిప్పి ఏదో రాసి, బీరువాలో పెట్టేశారు. ఆ బీరువా అంతు చూడాలని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను.

వారం తిరక్కుండా అవకాశం వచ్చింది. బావగారు ఒక బడిలో తరగతి ఫొటోలు తీయడానికి పొద్దుటే వెళ్ళారు. నేనూ అక్కా బీరువా తెరిచాం. వేల మొహాలు. అలిగినవి, అరుస్తున్నవి, ఆలోచిస్తున్నవి, ముక్కులో వేలు పెట్టుకున్నవి. అక్క ఒక కార్డు చేతిలో పట్టుకుని, "పాపం, ఆయన ఎంత ఇష్టంగా దాచుకున్నారో" అంది. నువ్విలా జాలిపడబట్టే ఈ బీరువా ఇంతైందని కసిరాను. మధ్యాహ్నానికి అయిదు గోనెసంచులు నిండాయి. బండి మాట్లాడుకుని, సంచులెక్కించి, పిడుగుని పక్కన కూర్చోబెట్టుకుని బస్‌స్టేషన్ దగ్గరున్న పాత కాగితాల కొట్టుకి బయల్దేరాను.

దారంతా అది ఒకటే గొడవ. "పెదనాన్న ఫొటోలు ఎందుకు పారేస్తున్నావమ్మా?"

"పాతవి కాబట్టి."

"నాది పాతది కాదుగా. నాది మొన్నదిగా."

"నోర్మూసుకుని కూర్చో."

కొట్టు ముందు దిగాం. సంచులు లోపల పెట్టించి వెనక్కి తిరిగాను. పిడుగు లేదు.

బండి వెనక చూశాను, కొట్టులో కాగితాల దొంతరల మధ్య చూశాను, పక్క సందులో చూశాను. ఎక్కడా లేదు. ఎదురుగా బస్‌స్టేషన్. పది నిమిషాలకో బస్సు ఎటో ఒకవైపు కదులుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొట్టువాడి ఫోను లాక్కుని బడికి చేసి, బావగార్ని పిలిపించి ఏం చెప్పానో నాకే తెలియదు. "అక్కడే ఉండు, వస్తున్నా" అన్నారాయన.

అక్కడే ఎలా ఉంటాను? పర్సులోంచి సబ్బు ప్రకటన ఫొటో తీసి కనబడినవాళ్ళకల్లా చూపించాను. చెప్పులు కుట్టేవాడు చూసి తల అడ్డంగా ఊపాడు. పోర్టర్లు ఇద్దరు చూశారు, లేదన్నారు. కమలాపళ్ళు అమ్మే ఆవిడ ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసి, "బంగారుబొమ్మలా ఉందమ్మా. ఇంత నెమ్మదైన పిల్ల ఇటు రాలేదు" అంది. ఎవరూ చూడలేదంటే ఏ బస్సులోనో ఎక్కి ఉండాలి. ఏ బస్సు, ఎటు పోయిన బస్సు?

బావగారు మెళ్ళో కెమెరా ఊగుతుండగా పరుగెత్తుకుంటూ వచ్చారు. అంత పెద్దమనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నేను చూపించిన ఫొటో వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఇది కాదు. స్టూడియోకి ఫోను చెయ్యి. అక్కని బీరువాలోంచి పిడుగు కార్డు పట్టుకురమ్మను."

కొట్టు లోపలికి చెయ్యి చూపించాను. అయిదు గోనెసంచులు.

ఆయన సంచుల వైపు చూశారు, నా వైపు చూశారు. ఇప్పుడు తిడతారు, తిట్టాలి, నేనైతే చంపేసేదాన్ని అనుకున్నాను. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, "ఏ సంచిలో?" అన్నారు.

"తెలీదు బావగారూ."

"అయితే అన్నీ."

సంచులన్నీ నేల మీద కుమ్మరించాం. నేను, బావగారు, కొట్టువాడు, బండివాడు, నలుగురం మోకాళ్ళ మీద కూర్చుని వెతికాం. ఆ కొట్టు నిండా పిల్లలు కోప్పడుతున్నారు, వాదిస్తున్నారు, వెక్కిరిస్తున్నారు. "ఇదా? ఇదా?" అని కొట్టువాడు కనబడిన ప్రతి ఆడపిల్లనీ చూపిస్తున్నాడు. నాలుగో సంచి అడుగున, చేతిలో బూటు పట్టుకుని ప్రపంచాన్ని నిలదీస్తూ మా పిడుగు దొరికింది.

కార్డు పట్టుకుని బావగారు కమలాపళ్ళావిడ దగ్గరికి పరుగెత్తారు. ఆవిడ ఒక్కసారి చూసి బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"ఇదా! ఇది మీ పిల్లా? ఇందాకే నాతో తగువేసుకుని పోయింది! పైన పెద్దపళ్ళు పెట్టి కింద చిన్నపళ్ళు దాస్తావా అని నా బుట్ట ముందు నిలబడి అరిచింది. అదిగో, బస్‌స్టేషన్‌లోకే పోయింది."

"ఈ ఫొటో చూపిస్తే రాలేదన్నావే!" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఆ పిల్ల వేరు, ఈ పిల్ల వేరమ్మా" అంది ఆవిడ గట్టిగా.

బస్‌స్టేషన్ విచారణ గదిలో మైకు ముందు ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. మేం చెప్పింది రాసుకుని, గొంతు సవరించుకుని, "నీలం గౌను ధరించిన అయిదేళ్ళ పాప ఎక్కడున్ననూ విచారణ గదికి రావలెను" అని దాని అసలు పేరుతో రెండుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. రెండు బస్సులు బయల్దేరాయి. ఆ రెండు బస్సుల కిటికీల్లోకీ నేను ఎగిరి ఎగిరి చూశాను.

అప్పుడు బావగారు కార్డు వెనక్కి తిప్పారు. అక్కడ రాసింది నేను మొదటిసారి చదివాను. "పిడుగు. భయం వేస్తే ఏడవదు. పోట్లాడుతుంది. తర్వాత ఎత్తు ఎక్కి కూర్చుంటుంది. అసలు పేరుతో పిలిస్తే తిట్లు తప్పవని దాక్కుంటుంది. లేసు కట్టుకోవడం రాదంటే ఎక్కడున్నా వస్తుంది."

"అయ్యా, ఆ మైకు ఒక్కసారి నాకిస్తారా?" అన్నారు.

"కుదరదు. మైకు డ్యూటీలో ఉన్నవాడే మాట్లాడాలి. రూలు."

"తప్పిపోయింది మా పిల్ల కదండీ..."

"ఎవరైనా సరే. నేను తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదు."

బావగారు వాదనలో ఓడిపోయారు. ఎప్పటిలాగే, క్షణం కూడా ఆలస్యం చేయకుండా. "అవును సుమా! నాదే పొరపాటు. మీరే మాట్లాడాలి. ఇది చెప్పండి" అని ఓ చీటీ రాసి ఇచ్చారు.

గుమాస్తా చదువుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదువుకున్నాడు. నా మొహం చూశాడు. చూసి, ఏమనుకున్నాడో, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పిడుగుకు బూట్ల లేసు కట్టుకోవడం రాదు."

స్టేషన్ అంతా ఒక్క క్షణం ఆగిపోయింది. డ్రైవర్లు తలలు బయటికి పెట్టి చూశారు.

"మళ్ళీ చెప్పండి" అన్నారు బావగారు. "కాస్త ఎగతాళిగా."

గుమాస్తాకి ఉషారొచ్చింది. "మరొక్కసారి తెలియజేయడమైనది. పిడుగుకు లేసు కట్టుకోవడం బొత్తిగా రాదు. వాళ్ళమ్మే కడుతుంది."

"నాకొచ్చు!"

సామాన్ల గది వైపు నుంచి వచ్చింది ఆ కేక. గుడ్డల మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే పై మూట మీద నుంచి నీలం గౌను జరజరా కిందికి జారింది. జనం పక్కకి తప్పుకున్నారు. పిడుగు ఎవర్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. ఒంటి బూటుతో కుంటుకుంటూ, రెండో బూటు చేతిలో పట్టుకుని నేరుగా విచారణ గదిలోకి వచ్చి, గుమాస్తా ముందు నేల మీద చతికిలబడి, బూటు తొడుక్కుని, నాలిక బయటపెట్టి లేసు కట్టింది. రెండు ముళ్ళు వేసింది.

"చూశావా? ఎవరు చెప్పారు నీకు రాదని?"

గుమాస్తా మైకు ఆపడం మరిచిపోయాడు. "నాదే పొరపాటమ్మా" అన్నాడు. ఆ మాట స్టేషన్ నలుమూలలా వినబడింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో కమలాపళ్ళావిడ కూడా ఉంది.

నేను దాన్ని వాటేసుకుని ఏడ్చానో నవ్వానో నాకు గుర్తులేదు. హమ్మయ్య అన్న మాట మాత్రం ఓ వందసార్లు అనుంటాను. గుండెల మీద బండ దిగడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది. కాస్త తేరుకున్నాక, "ఎందుకు వెళ్ళావే?" అని అడిగాను.

"పెదనాన్నకి చెబుదామని. నువ్వు ఫొటోలు పారేస్తున్నావని. ఏ బస్సు ఎక్కాలో తెలీలేదు. అందుకని పైకెక్కి చూస్తున్నా" అంది. కొంచెం ఆగి, "భయం వేయలేదు" అని కలిపింది. బావగారు దాని తల నిమిరి, "భయమా? నీకా?" అన్నారు.

కాగితాల కొట్టువాడు మా అందరికీ టీ తెప్పించాడు. నేల మీద పరుచుకున్న పిల్లల మధ్య పాతపేపర్ల కట్టల మీద కూర్చుని తాగాం. అప్పుడు అడిగాను, ఇదంతా ఎందుకు మొదలుపెట్టారని.

"నాకు ఆరేళ్ళప్పుడు సంతలో తప్పిపోయాను" అన్నారు బావగారు గ్లాసులోకి ఊదుకుంటూ. "తప్పిపోయిన పిల్లల్ని ఓ డేరాలో కూర్చోబెట్టారు. మా నాన్న నా ఫొటో పట్టుకుని ఆ డేరా గుమ్మం దాకా వచ్చాడు. కాపలావాడు ఫొటో తీసుకుని లోపలికొచ్చి, నా మొహం చూసి, ఫొటో చూసి, వీడు కాదని వెళ్ళిపోయాడు. నేను నోరంతా తెరిచి ఏడుస్తున్నాను. ఆ ఫొటోలో నవ్వుతున్నాను. ఎవరో పక్కన నిలబడి నవ్వు నవ్వు అంటే నవ్విన నవ్వది. మా నాన్న ఇంకోసారి సంతంతా తిరిగి, తనే డేరాలోకి వచ్చి నన్ను చూసేసరికి సాయంత్రమైంది."

"పాపం బావగారూ."

"పాపమేం లేదు. ఆ డేరాలో అందరికీ జంతికలు పెట్టారు. నాకు రెండు పూటల వాటా దక్కింది." ఆయన నేల మీది కార్డుల వైపు చూశారు. "తప్పిపోయిన పిల్లలు ఫొటోలో ఉన్నట్టు నవ్వుతూ తిరగరు కదా మరదలా. ఎవరో ఒకరి దగ్గర వాళ్ళ అసలు మొహం ఉండాలని. అంతే."

అయిదు సంచుల్నీ అదే బండిలో వెనక్కి తెచ్చుకున్నాం. కొట్టువాడు ఎక్కించి ఇచ్చాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. విషయం విని పిడుగుని ఎత్తుకుని, నన్ను తిట్టి, సంచులు తనే మోసుకుంటూ లోపలికెళ్ళింది. మర్నాటి నుంచీ కార్డులన్నీ అక్షరక్రమంలో సర్దే పని నేనే పెట్టుకున్నాను. ఒకరు అడగలేదు, ఒకరు చెప్పలేదు. బీరువా పక్కన ఇంకో బీరువా కూడా చేరింది. పసిపిల్లలకి బట్టలు ఇప్పటికీ నా కౌంటరు మీదే మారుస్తున్నారు. నేనేమీ అనడం లేదు.

'మ' దగ్గరికొచ్చేసరికి ఒక కార్డు దొరికింది. అందులో ఉన్నది చిన్నపిల్ల కాదు. కౌంటరు బల్ల మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో గుమ్మం వైపు చూపిస్తూ, నోరంతా తెరిచి ఎవరినో దులిపేస్తున్న కొత్తపెళ్ళికూతురు. నేనే. పెద్దవాళ్ళ ఫొటోలు తీయని మనిషి, నా మొదటి రోజునే, ఎప్పుడు తీశారో తీశారు. వెనక్కి తిప్పాను.

"మరదలు. కొత్త ఊరు. బెంగగా ఉంది, భయంగా ఉంది, పైకి చెప్పదు. భయం వేస్తే పోట్లాడుతుంది. పోట్లాడనివ్వాలి. ప్రతిసారీ తనే గెలవాలి. గెలిచిన రోజు కడుపునిండా తింటుంది."

పదకొండేళ్ళుగా నేను గెలిచిన గెలుపులన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. కౌంటరు బల్ల, గోడ రంగు, ఫ్యాను రెక్కలు, రసీదు పుస్తకం సైజు. కార్డు పట్టుకుని విసవిసా లోపలి గదిలోకి వెళ్ళాను. బావగారు నేల మీద కూర్చుని స్టూలు కాలు బిగిస్తున్నారు.

"ఏంటిది? నాకు భయమా? నేనెప్పుడు భయపడ్డాను? ఇందులో రాసిందంతా తప్పు!"

ఆయన కళ్ళజోడు మీంచి కార్డు చూశారు. నన్ను చూశారు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు.

"అవును సుమా! నాదే పొరపాటు."

ఆ మధ్యాహ్నం అక్క చేత రెండోసారి కూడా వడ్డింపించుకుని తిన్నాను.